హార్డ్‌వేర్ వాలెట్ కొన్నాం, ఇప్పుడేం చేయాలి?

గత నెల క్రిప్టో పన్నుల మీద ఇచ్చిన ఒక జవాబులో హార్డ్‌వేర్ వాలెట్ అన్న మాట ఒక్కసారి వాడాను, అంటే కాయిన్లను కదిపే రహస్య కీని లోపలే దాచుకునే, పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరం. దాంతో ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం దాని గురించే, అవీ ఎక్కువగా విజయవాడ, గుంటూరు నుంచే. క్రిప్టోలో డబ్బు పెట్టమని గానీ వద్దని గానీ ఈ పేజీలో చెప్పను, అది మీ ఇష్టం, మీ రిస్కు. పెట్టేసినవాళ్లు దాన్ని ఎలా కాపాడుకోవాలన్నదే ఇక్కడి సంగతి.

ముందు మంగళగిరి పాఠకుడికి, అర్జెంటుగా. మీ ప్రశ్న అచ్చు వేయడం లేదు, ఎందుకంటే మీరు మీ వాలెట్ 12 సీడ్ పదాలూ (అవి తెలిసినవాళ్లెవరైనా మీ కాయిన్లు తీసేసుకోగలరు) మెయిల్లో వరసగా రాసి "ఆర్డర్ కరెక్టేనా చూడండి" అని అడిగారు! మేం డిలీట్ చేశాం, సరే, కానీ అది మీ సెంట్ ఫోల్డర్లో ఉంటుంది, మా సర్వర్లో ఏ మూలో ఉంటుంది, ఈ ఆఫీసులో ఆ మెయిల్ బాక్సు తెరిచేది నేనొక్కణ్నే కాదు. ఆ పదాలు ఇక పనికిరానివి అనుకోండి. పరికరాన్ని రీసెట్ చేసి మళ్లీ అవే పదాలతో తెరిస్తే లాభం లేదు, పదాలు పాతవైతే వాలెట్టూ పాతదే. మీ దగ్గర ఉన్నది ఒకటే పరికరం కాబట్టి, కాయిన్లన్నీ ముందు మీ ఎక్స్ఛేంజి (క్రిప్టో కొని అమ్మే యాప్) ఖాతాకి పంపేయండి, అవి అక్కడ కనపడ్డాక పరికరాన్ని రీసెట్ చేసి కొత్త వాలెట్ తయారు చేయండి, కొత్త పదాలు కాగితం మీద రాసుకుని అప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకోండి. ఈ సంచిక మీ చేతికి వచ్చేదాకా ఆగకూడదని మీకు విడిగా జవాబు కూడా పంపాం.

ప్రశ్న: నా దగ్గర సుమారు మూడు లక్షల బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజి యాప్‌లోనే ఉంది. ఫ్రెండ్స్ హార్డ్‌వేర్ వాలెట్ కొనమంటున్నారు. యాప్‌కి ఓటీపీ, వేలిముద్ర అన్నీ ఉన్నాయి కదా, ఇంకా ఎందుకు? కొంటే ఎక్కడ కొనాలి?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పటమట

జవాబు: ఓటీపీ, వేలిముద్ర మీ ఖాతాలోకి బయటివాళ్లు రాకుండా ఆపుతాయి. ఎక్స్ఛేంజికే ఏదైనా అయితే అవి చేసేదేమీ లేదు. యాప్‌లో మీకు కనపడే అంకె వాళ్లు మీకు ఇవ్వాల్సిన బాకీ, అసలు కాయిన్లను కదిపే ప్రైవేట్ కీ (పాస్‌వర్డ్ లాంటి రహస్య సంఖ్య) వాళ్ల దగ్గరే ఉంటుంది. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజి వాలెట్ ఒకదాని నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు, అంటే దాదాపు 2 వేల కోట్ల రూపాయల క్రిప్టో దొంగలు ఎత్తుకుపోయారు. వెంటనే విత్‌డ్రాలు ఆపేశారు, ఏ పాపమూ ఎరగని ఖాతాదారులు ఏడాదికి పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. సరిగ్గా మరుసటి జులైలో కాయిన్‌డీసీఎక్స్ అనే ఇంకో ఎక్స్ఛేంజి నుంచి 4.4 కోట్ల డాలర్లు పోయాయి, కాకపోతే అది కంపెనీ సొంత ఖాతా, ఖాతాదారుల కాయిన్ల జోలికి పోలేదు, నష్టం తామే భరిస్తామన్నారు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు గానీ, వేరేవాళ్ల చేతిలో ఉన్నది వేరేవాళ్ల చేతిలో ఉన్నట్టే.

హార్డ్‌వేర్ వాలెట్‌లో ఆ కీ పరికరం లోపలే పుడుతుంది, లోపలే ఉంటుంది. మీరు ఎవరికైనా కాయిన్ పంపాలంటే వివరాలు లోపలికి వెళ్లి, అక్కడే డిజిటల్ సంతకమై, ఆ సంతకం మాత్రం బయటికొస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉన్నా కీ దానికి చిక్కదు. ఇంతే దాని గొప్ప.

ఎప్పుడు కొనాలంటే, నా లెక్కలో, పోతే రెండు మూడు రోజులు అన్నం సయించని మొత్తం ఉన్నప్పుడు. పదివేల కాయిన్ కోసం ఏడెనిమిది వేల పరికరం దండగ. ట్రెజర్ అనే కంపెనీ సేఫ్ 3 లాంటి మామూలు మోడల్ 2023లో 79 డాలర్లకు వచ్చింది, దాని మీద షిప్పింగు, కస్టమ్స్ సుంకం అదనం. మూడు లక్షలకైతే కొనడం సబబే. ఒక్క షరతు. ఆధార్ కార్డు ఎక్కడ పెట్టారో ప్రతిసారీ ఇల్లంతా వెతుక్కునే మనిషైతే మాత్రం నిజాయితీగా ఆలోచించుకోండి, మీకు ఎక్స్ఛేంజిలో ఉండటమే తక్కువ ప్రమాదం కావచ్చు. ఇంకో మాట, కొనే ముందు మీ యాప్ కాయిన్లను బయటి వాలెట్‌కి పంపనిస్తుందో లేదో చూసుకోండి, కొన్ని యాప్‌లలో కొనడం, అమ్మడం తప్ప బయటికి తీసుకెళ్లే దారి ఉండదు.

కొనేది కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో, లేదా ఆ సైట్‌లోనే అధికారిక అమ్మకందారులని పేర్లు ఇచ్చిన చోట. బీసెంట్ రోడ్డులో ఫోన్ల కొట్టువాడు తక్కువకి ఇప్పిస్తానన్నా, ఓఎల్‌ఎక్స్‌లో సీలు తీయని పెట్టె అన్నా వద్దు. 2018లో ఇంగ్లండ్‌లో ఒకాయన ఈబేలో లెడ్జర్ అనే కంపెనీ వాలెట్ కొన్నాడు, లోపల స్క్రాచ్ కార్డు మీద పదాలు ముందే అచ్చేసి ఉన్నాయి, అలాగే వస్తుందేమో అనుకుని వాడాడు, ఆ పదాలు దొంగకీ తెలుసు కాబట్టి దాచుకున్నదంతా పోయింది. 2023లో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా కంపెనీ వాళ్లు ఒక నకిలీ ట్రెజర్‌ని విప్పి చూశారు: హోలోగ్రామ్ స్టిక్కర్‌తో సహా పైకి అంతా అసలుదే, లోపల చిప్పు మార్చేశారు, అది తయారు చేసే కీలు దొంగకు ముందే తెలుసు. కాబట్టి స్టిక్కర్ చూసి నమ్మకండి.

ప్రశ్న: పరికరం వచ్చింది, పెట్టె ఇంకా తెరవలేదు. భయమేస్తోంది. మొదటి నుంచి ఎలా చేయాలో చెప్తారా?
– ఒక లెక్చరర్, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: భయపడటం మంచిదేనండీ, ధైర్యంగా చేసేవాళ్లే కాయిన్లు పోగొట్టుకుంటున్నారు. ఒక గంట ఎవరూ పలకరించని టైమ్ చూసుకుని సొంత కంప్యూటర్ దగ్గర కూర్చోండి, కాలేజీ సిస్టమ్ వద్దు, నెట్ సెంటర్ అసలే వద్దు.

కంపెనీ యాప్ కావాలి కదా, దాన్ని గూగుల్‌లో వెతికి పైన కనపడ్డ మొదటి లింకు నొక్కకండి, అవి చాలాసార్లు డబ్బులిచ్చి పెట్టించుకున్న ప్రకటనలు. పెట్టెలో కాగితం మీద ఉన్న అడ్రసు మీ చేత్తో టైపు చేయండి. యాప్ స్టోర్లలో ఉంది కాబట్టి అసలుదే అనుకోవడానికీ లేదు, 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే నకిలీ లెడ్జర్ లైవ్ (లెడ్జర్ కంపెనీ యాప్) దొరికింది, ఈలోపు ఐదారు లక్షల డాలర్లు ఊడ్చేసింది. పరికరం కలిపాక యాప్ దాన్ని అసలుదో కాదో పరీక్షిస్తుంది, జెన్యూన్ చెక్ అంటారు, అది పాస్ కావాలి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడిగితే ఇప్పుడే, ఒక్క కాయిన్ కూడా వేయకముందే చేసేయండి.

తర్వాత కొత్త వాలెట్ అని ఎంచుకోండి. పిన్ పెట్టమంటుంది. పుట్టిన సంవత్సరం, బండి నంబరు కాకుండా ఇంకేదైనా. ఇక అసలు ఘట్టం: పరికరం తన చిన్న స్క్రీన్ మీద ఒక్కొక్కటిగా ఇంగ్లీషు పదాలు చూపిస్తుంది, మోడల్‌ని బట్టి 12 గానీ 20 గానీ 24 గానీ. మీ కీ మొత్తం ఆ పదాల్లో ఉంది. పన్నెండో, ఇరవై నాలుగో వచ్చే వాలెట్లలో ఇవి 2048 పదాల ఒక ఖాయమైన జాబితాలోంచి వస్తాయి, అది ప్రపంచమంతా ఒకటే, రహస్యమేమీ కాదు. ఏ పదాలు ఏ వరసలో వచ్చాయన్నదే రహస్యం. పెన్నుతో, నంబర్లు వేసి, గుండ్రంగా రాయండి. కెమెరా తీయొద్దు, నోట్‌ప్యాడ్‌లో కొట్టొద్దు, పైకి చదవొద్దు కూడా, పక్కన ఏ స్పీకరు వింటోందో ఎవరికి తెలుసు (ఇది కొంచెం అతిజాగ్రత్తే, అయినా చెప్తున్నాను). పదాలు మీరు తయారు చేసుకోకూడదు, పరికరమే ఇవ్వాలి. పెట్టెలో ముందే రాసిన కాగితం ఉంటే ఆ పెట్టెను వాపసు పంపేయండి.

ఇక్కడితో అయిపోయిందని అందరూ ఉన్న కాయిన్లన్నీ పంపేస్తారు. ఆగండి. ముందు ఓ ఐదొందల రూపాయల కాయిన్ పంపండి. అది పరికరంలో కనపడ్డాక, కావాలనే పరికరాన్ని పూర్తిగా రీసెట్ చేయండి. ఖాళీ అయిపోతుంది, గుండె ఝల్లుమంటుంది, ఫరవాలేదు. ఇప్పుడు మీరు రాసుకున్న కాగితం చూసి పదాలు పరికరంలోనే ఎక్కించండి. ఐదొందలూ తిరిగి కనపడ్డాయా? అయితే మీ కాగితం పనిచేస్తోంది. కనపడకపోతే ఎక్కడో ఒక అక్షరం తప్పు రాశారు, ఐదొందలతో తెలిసింది, అదృష్టం. ఈ ఒక్క పని చేయమని ఎంత చెప్పినా ఎవరూ చేయరు, మీరైనా చేయండి.

పంపేటప్పుడు రెండు విషయాలు. కంప్యూటర్‌లో కనపడే అడ్రసునే (కాయిన్లు చేరాల్సిన ఖాతా నంబరు లాంటి పొడవాటి అక్షరాల వరస) కాపీ కొట్టకుండా, పరికరం స్క్రీన్ మీద చూపే అడ్రసుతో సరిపోల్చండి, కాపీ చేసిన అడ్రసును మధ్యలో మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలే చూసి వదిలేయకండి. అవి మాత్రం కలిసేలా నకిలీ అడ్రసు తయారు చేసి మీ పాత లావాదేవీల జాబితాలో దూర్చేవాళ్లున్నారు, 2024 మేలో ఒకాయన అలాంటి అడ్రసుకి 6.8 కోట్ల డాలర్లు పంపాడు. (అతనికి తర్వాత తిరిగొచ్చాయి. మనకి రావు.) రెండోది నెట్‌వర్క్. బిట్‌కాయిన్ అడ్రసు ఎక్కువగా బీసీ1తో మొదలవుతుంది, గొడవ లేదు. యూఎస్‌డీటీతోనే (డాలరు విలువకు కట్టిన కాయిన్) తంటా, అది ఈథీరియం మీదా ఉంటుంది, ట్రాన్ మీదా ఉంటుంది, పంపేచోటా అందుకునేచోటా ఒకే నెట్‌వర్క్ ఉండాలి. పైగా దాన్ని మళ్లీ కదపాలంటే ఫీజు యూఎస్‌డీటీలో కట్టలేరు, మొదటిదానికి ఈథర్, రెండోదానికి టీఆర్‌ఎక్స్ అనే వాటి సొంత కాయిన్లు కాస్త ఉంచుకోవాలి.

ప్రశ్న: బెంజ్ సర్కిల్ దగ్గర ఒకతను రెండు వేలు తీసుకుని హార్డ్‌వేర్ వాలెట్ సెటప్ చేసి ఇస్తున్నాడు. చేయించుకోవచ్చా?
– పేరు రాయలేదు, విజయవాడ

జవాబు: వద్దండీ. సెటప్ చేసినవాడు పదాలు చూస్తాడు, చూసినవాడు ఎప్పుడైనా తీసుకోగలడు, రెండేళ్ల తర్వాత మీ వాలెట్ నిండాక తీసుకున్నా మీరు కనిపెట్టలేరు. మంచివాడే కావచ్చు. పక్కన కూర్చుని ఏది నొక్కాలో నోటితో చెప్పమనండి, పదాలు వచ్చేటప్పుడు బయటికెళ్లి టీ తాగి రమ్మనండి, దానికి రెండు వేలు ఇచ్చినా తప్పులేదు.

ప్రశ్న: మాది సింగ్‌నగర్. 2024 వరదలో బీరువా కింది అరలో ఉన్న కాగితాలన్నీ బురదైపోయాయి, ఇంటి దస్తావేజులతో సహా. కాగితం మీద రాసి పెట్టుకోమంటే నమ్మకం కుదరడం లేదు. ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకుంటే నీళ్లలో పోదు కదా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, అజిత్‌సింగ్ నగర్

జవాబు: మీ బాధ న్యాయమైనదే. ఆ సెప్టెంబరులో బుడమేరు ఇళ్లలోకి వచ్చినప్పుడు పేపరు అన్నది ఏదీ మిగల్లేదు. అయినా ఫోటో వద్దు. నీళ్లు ఎప్పుడో ఒకసారి వస్తాయి, నెట్‌లో దొంగలు రోజూ తిరుగుతుంటారు. 2025 ఫిబ్రవరిలో స్పార్క్‌క్యాట్ అనే వైరస్ సంగతి కాస్పర్‌స్కీ బయటపెట్టింది, అది గూగుల్ ప్లేలోనూ ఆపిల్ స్టోర్‌లోనూ మామూలు యాప్‌ల లోపల దాక్కుని, ఫోన్ గ్యాలరీలోని ఫోటోల్లో అక్షరాలు చదివి, వాలెట్ పదాల్లాంటివి దొరికితే దొంగలకు పంపేది. అంటే ఫోటో తీయగానే ఆ పదాలు ఆఫ్‌లైన్‌లో లేనట్టే. మీకు మీరే వాట్సాప్ చేసుకున్నా, మెయిల్ డ్రాఫ్టులో పెట్టుకున్నా ఇదే కథ.

నీళ్లకూ నిప్పుకూ మందు స్టీలు. విదేశీ కంపెనీలు స్టీలు ప్లేట్లు అమ్ముతాయి, ఖరీదు ఎక్కువ. అంత అక్కర్లేదు. ఆటోనగర్‌లో పనిముట్ల కొట్టుకి వెళ్తే ఇనుము మీద అక్షరాలు కొట్టే లెటర్ పంచ్ సెట్టు దొరుకుతుంది, దాంతో పాటు కాస్త మందమైన స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క ఒకటి కోయించుకోండి. ప్రతి పదం పూర్తిగా కొట్టక్కర్లేదు. ఆ 2048 పదాల జాబితాను ఎంత తెలివిగా చేశారంటే, మొదటి నాలుగు అక్షరాలతోనే ఏ పదమో తేలిపోతుంది, ఏ రెండింటికీ అవి కలవవు. 24 పదాలకు 96 అక్షరాలు మించవు, ఒక సాయంత్రం పని, పక్కింటివాళ్లకి చప్పుడు మాత్రం తప్పదు. శ్రమ ఎందుకని స్టీలు సామాన్ల కొట్టుకి తీసుకెళ్లి, గిన్నెల మీద పేర్లు కొట్టే మెషిన్ మీద చెక్కించుకుందామనే ఆలోచన వస్తుంది. ఆ కొట్టువాడికి మీ ఆస్తి రాసిచ్చినట్టే.

ఇలాంటివి రెండు చేసి రెండు చోట్ల పెట్టండి. ఒకటి మీ ఇంట్లోనే, ఈసారి పై అరలో. రెండోది వేరే ఊళ్లో, గుంటూరులో అన్నయ్య ఉంటే అన్నయ్య ఇంట్లో సీలు చేసిన కవర్లో, లేదా బ్యాంకు లాకర్లో. సగం పదాలు ఇక్కడ, సగం అక్కడ పెడితే ఇంకా భద్రం కదా అని చాలామంది అడిగారు. కాదు, ఏ ఒక్క సగం పోయినా మొత్తం పోయినట్టే, ప్రమాదం రెట్టింపైంది అంతే. నిజంగా ముక్కలు చేయాలనుంటే ట్రెజర్ కొత్త మోడళ్లలో అందుకోసమే ఒక పద్ధతి ఉంది, మూడు భాగాలు చేసి ఏ రెండు ఉన్నా తెరుచుకునేలా పెట్టుకోవచ్చు. సొంత తెలివితో పదాల వరస తారుమారు చేసి రాయడం, ఐదో పదం కావాలనే తప్పు రాయడం లాంటివి మాత్రం చేయకండి. దొంగకి అర్థం కాదన్నది నిజమే, నాలుగేళ్ల తర్వాత మీకూ అర్థం కాదు.

ప్రశ్న: ఆ కంపెనీయే రేపు మూతపడితే నా కాయిన్లు ఏమవుతాయి?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కొత్తపేట, గుంటూరు

జవాబు: ఏమీ కావండి. కాయిన్లు ఆ పెట్టెలో లేవు, బ్లాక్‌చెయిన్ (లావాదేవీలన్నీ రాసుండే, అందరూ చూడగల ఉమ్మడి లెక్కల పుస్తకం) మీద ఉన్నాయి. ఫోను పోయినా నంబరు పోదు, కొత్త ఫోన్లో అదే నంబరు పనిచేస్తుంది, ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ కొత్త సిమ్ ఇచ్చే కంపెనీ కౌంటరు ఉండదు, మీ పదాలే ఆ పని చేస్తాయి. 12, 24 పదాల పద్ధతిని చాలా కంపెనీలు పాటిస్తాయి కాబట్టి లెడ్జర్‌లో రాసుకున్న పదాలు ట్రెజర్‌లోనో ఇంకోదాంట్లోనో ఎక్కించుకోవచ్చు. 20 పదాలు ఇచ్చే కొత్త పద్ధతిని చదవగలిగే వాలెట్లు ఇంకా తక్కువ, అదొక్కటి గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: పిన్ మర్చిపోయాను. ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చు?
– గుణదల

జవాబు: లెడ్జర్ అయితే మూడుసార్లు తప్పు కొడితే పరికరం తనంతట తానే ఖాళీ అయిపోతుంది, ట్రెజర్ అయితే ఇంకా ఎక్కువసార్లు తప్పు కొట్టాక. ఖాళీ అయినా నష్టం లేదు, పదాలు ఎక్కించి కొత్త పిన్ పెట్టుకోవచ్చు. పదాలు కూడా లేకపోతే మాత్రం ఇంకొక్కసారి కూడా కొట్టకుండా పక్కన పెట్టి, పిన్ ఎక్కడ రాసుకున్నారో నిదానంగా వెతకండి.

ప్రశ్న: మా ఇంటికి పోస్టులో వాలెట్ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం వచ్చింది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 24 పదాలు ఎంటర్ చేసి వెరిఫై చేసుకోవాలట, లేకపోతే వాలెట్ ఆగిపోతుందట. నా పేరు, అడ్రసు కరెక్టుగా ఉన్నాయి, అందుకే అనుమానంగా ఉన్నా పారేయలేకపోతున్నాను.
– లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: పారేయండి. పేరు, అడ్రసు సరిగ్గా ఉండటానికి కారణం ఉంది. 2020లో లెడ్జర్ కొనుగోలుదారుల వివరాలు దొంగల చేతికి చిక్కాయి, ఆ డిసెంబరులో నెట్‌లో పెట్టేశారు, సుమారు 2 లక్షల 72 వేల మంది పేర్లు, ఇంటి అడ్రసులు, ఫోన్ నంబర్లు అందులో ఉన్నాయి. అక్కడ కీలేవీ పోలేదు, కాయిన్లూ పోలేదు, కానీ ఎవరి ఇంట్లో పరికరం ఉందో లోకానికి తెలిసిపోయింది. 2021లో కొందరికి "మీ పాతది పాడైంది, ఇది వాడండి" అంటూ నకిలీ పరికరాలే పార్సిల్లో వచ్చాయి. 2025లో మీకొచ్చినలాంటి ఉత్తరాలు మొదలయ్యాయి. మీ వివరాలు అక్కడినుంచే వెళ్లాయో, మీరు ఇంకెక్కడైనా ఇచ్చారో, ఇప్పుడు దాంతో పనిలేదు.

ఆ పదాలు ఎక్కించాల్సిన చోటు ఒక్కటే, పరికరం మీదున్న బటన్లతో, పరికరంలోకి. వెబ్‌సైట్‌లో కాదు, ఫోన్ యాప్‌లో కాదు, కస్టమర్ కేర్ అని తెలుగులో చాలా మర్యాదగా మాట్లాడేవాడికి అంతకన్నా కాదు. ఇప్పటికే స్కాన్ చేసి పదాలు కొట్టి ఉంటే, పైన మంగళగిరి పాఠకుడికి చెప్పినట్టు ఈ నిమిషమే కాయిన్లు కదపండి. పోయాయని తేలితే 1930కి ఫోన్ చేసి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

దీంతో పాటు ఒక మాట చెప్పాలి. మన దగ్గర పెళ్లి భోజనాల దగ్గర, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో "నా దగ్గర ఇన్ని బిట్‌కాయిన్లున్నాయి" అని చెప్పుకోవడం ఎక్కువైంది. 2025 జనవరిలో ఫ్రాన్స్‌లో లెడ్జర్ సహవ్యవస్థాపకుల్లో ఒకాయన్ని కిడ్నాప్ చేసి, వేలు కోసి, క్రిప్టో ఇమ్మన్నారు. పోలీసులు విడిపించారు. భూమి అమ్మిన డబ్బు ఇంట్లో ఉందని ఊరంతా చెప్పుకుంటామా? ఇదీ అంతే.

ప్రశ్న: హార్డ్‌వేర్ వాలెట్ అంత భద్రమైతే బైబిట్‌లో 150 కోట్ల డాలర్లు ఎలా పోయాయి? వాళ్లూ అవే వాడారు కదా?
– బీటెక్ విద్యార్థి, వడ్డేశ్వరం

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. బైబిట్ ఒక పెద్ద విదేశీ ఎక్స్ఛేంజి, అక్కడ 2025 ఫిబ్రవరి 21న జరిగింది, ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని అమెరికా ఎఫ్‌బీఐ తేల్చింది. బైబిట్ పెద్ద వాలెట్ తెరవాలంటే ఒకరు కాదు, పలువురు సంతకం చేయాలి, వాళ్ల చేతుల్లో హార్డ్‌వేర్ వాలెట్లే ఉన్నాయి. దొంగలు ఆ పరికరాల జోలికే పోలేదు. సంతకాల కోసం వాడే సేఫ్ అనే వెబ్‌సైట్ డెవలపర్ ఒకరి కంప్యూటర్‌లో దూరి, సైట్ కోడ్ మార్చారు. కంప్యూటర్ తెర మీద మామూలు బదిలీలా కనపడింది. పరికరం తెర మీద అంకెలు, అక్షరాలు కలిసిన ఒక పొడవాటి గీత కనపడింది, అది మనిషి చదివేది కాదు. సరేలే అని నొక్కారు.

దీన్నే బ్లైండ్ సైనింగ్ అంటారు. పరికరం మీ కీని కాపాడుతుంది, మీ బొటనవేలిని కాపాడదు. 2023 డిసెంబరు 14న లెడ్జర్ వాళ్ల కనెక్ట్ కిట్ అనే కోడ్ ముక్కలో దొంగలు కొన్ని గంటలు దూరినప్పుడూ ఇదే, చాలా వెబ్‌సైట్లు వాడే కోడ్ కాబట్టి, అక్కడ వాలెట్ కలిపి ఏముందో చూడకుండా ఓకే కొట్టినవాళ్లు నష్టపోయారు. బిట్‌కాయిన్ కొని ఊరికే దాచుకునేవారికి ఈ బెడద చాలా తక్కువ, పరికరం మీద అడ్రసు, మొత్తం స్పష్టంగా కనపడతాయి. మీలాంటి కుర్రాళ్లు ఎయిర్‌డ్రాప్‌లు (ఉచితంగా పంచే కాయిన్లు), ఎన్‌ఎఫ్‌టీలు (డిజిటల్ బొమ్మల్లాంటివి), కొత్త టోకెన్లు అంటూ ప్రతి సైట్‌కీ వాలెట్ కలుపుతారే, అక్కడ వస్తుంది తంటా. అందుకు వేరే వాలెట్, వేరే పదాలతో, పోయినా నవ్వుకోగలిగినంత డబ్బుతో పెట్టుకోండి. పెద్ద మొత్తం ఉన్న పరికరాన్ని ఏ సైట్‌కీ కలపకండి, సెట్టింగ్స్‌లో బ్లైండ్ సైనింగ్ ఆపేసి ఉంచండి.

ప్రశ్న: కాయిన్లు ఎక్స్ఛేంజి నుంచి నా వాలెట్‌కి మార్చుకుంటే 30 శాతం పన్ను కట్టాలా? వాలెట్‌లో ఉంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి తెలియదని మా యార్డులో అంటున్నారు.
– మిర్చి వ్యాపారి, గుంటూరు

జవాబు: మొదటిదానికి, అక్కర్లేదు. మీ నుంచి మీకే మార్చుకోవడం అమ్మకం కాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఉన్న 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు, అమ్మినప్పుడు లేదా ఒక కాయిన్ ఇచ్చి ఇంకోటి తీసుకున్నప్పుడు వచ్చే లాభం మీద. 1 శాతం టీడీఎస్ కూడా అలాంటి బదిలీ మీదే, అది 2022 జులై 1 నుంచి. ఒకదాంట్లో నష్టం వచ్చిందని ఇంకోదాని లాభంలో తగ్గించుకోవడానికి వీల్లేదు, ఇది చాలామందికి తెలియదు. మార్చేటప్పుడు ఎక్స్ఛేంజి తీసుకునే ఫీజు ఎటూ ఉంటుంది. ఏ తేదీన ఎంతకు కొన్నారో ఆ స్టేట్‌మెంట్లు మాత్రం ఇప్పుడే దింపుకుని పెట్టుకోండి, ఐదేళ్ల తర్వాత అమ్మినప్పుడు ఆ యాప్ ఉంటుందో లేదో, కొన్న ధర చూపించలేకపోతే లెక్క చెప్పడం కష్టం.

రెండోదానికి, మీ యార్డులో వాళ్లు తప్పు. మీ పాన్ ఇచ్చి కొన్నారు, ఎక్స్ఛేంజిలు 2023 మార్చి నుంచి మనీ లాండరింగ్ చట్టం కిందికి వచ్చాయి, ఏ అడ్రసుకి పంపారో వాళ్ల దగ్గర రికార్డు ఉంటుంది, ఆ అడ్రసు నుంచి ఎటు పోయిందో బ్లాక్‌చెయిన్‌లో ఎవరైనా చూడొచ్చు. రిటర్నులో వర్చువల్ డిజిటల్ ఆస్తులకి, అంటే క్రిప్టో లాంటివాటికి, వేరే షెడ్యూలే ఉంది. హార్డ్‌వేర్ వాలెట్ దొంగల నుంచి దాచడానికి, ఆ పనికే వాడండి.

ప్రశ్న: మా ఆయన క్రిప్టోలో చాలా పెట్టారు. అంతా ఒక పెన్‌డ్రైవ్ లాంటి దాంట్లో ఉందంటారు. అడిగితే "నీకు అర్థం కాదులే" అంటారు. ఆయనకు ఏదైనా అయితే నేనూ పిల్లలూ ఏం చేయాలి?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీకు అర్థమైంది కాబట్టే ఈ ప్రశ్న అడిగారమ్మా, ఆయనకే ఇంకా అర్థం కాలేదు. బ్యాంకులో అయితే నామినీ ఉంటారు, డెత్ సర్టిఫికెట్ చూపిస్తే దారి ఉంటుంది. ఇక్కడ పదాలు లేకపోతే కోర్టు ఆర్డరు తెచ్చినా ఆ డబ్బు తెరిచేవాళ్లు లేరు. ఎవరూ దొంగిలించకపోయినా పోయినట్టే.

ఇప్పుడే పదాలు చెప్పమని అడగక్కర్లేదు, ఆయనకి ఇష్టం లేకపోవచ్చు, గొడవ అవసరం లేదు. ఒక కాగితం రాసిపెట్టమనండి, తెలుగులోనే. ఏ కంపెనీ పరికరం, అది ఎక్కడుంది, పదాలున్న కవరు లేదా స్టీలు ముక్క ఎక్కడుంది, ఏయే కాయిన్లు, ఏయే ఎక్స్ఛేంజిలో ఖాతా ఉంది. పదాలు మాత్రం ఆ కాగితం మీద ఉండకూడదు, వీలునామాలో అసలే రాయకూడదు, వీలునామా పదిమంది చేతులు మారుతుంది. పాస్‌ఫ్రేజ్ అని పదాల మీద ఇంకో మాట అదనంగా పెట్టారేమో తప్పకుండా అడగండి. అది పెట్టి ఎవరికీ చెప్పకపోతే, పదాలన్నీ మీ చేతిలో ఉన్నా ఖాళీ వాలెట్టే తెరుచుకుంటుంది. పదాల కవరు లాకర్లో పెడితే ఆ లాకరుకి నామినీగా మీ పేరుందో లేదో చూసుకోండి.

ఒక ఆదివారం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకో వాలెట్‌లో వెయ్యి రూపాయలు వేసి, మీ చేత్తో రీస్టోర్ చేయించమనండి. ఒకసారి చేస్తే భయం పోతుంది, వంట గ్యాస్ బుకింగు కంటే కష్టమేమీ కాదు. ఎవరికైనా ఏదైనా అయినప్పుడు మాత్రం తొందరపడి సెల్‌ఫోన్ రిపేరు షాపుకి తీసుకెళ్లకండి, నెట్‌లో క్రిప్టో రికవరీ నిపుణులమని చెప్పుకునేవాళ్లకి ఫోన్ చేయకండి, వాళ్లలో ఎక్కువమంది రెండోసారి దోచుకోవడానికి కూర్చున్నవాళ్లే. తొందరేమీ లేదు, కాయిన్లు ఎక్కడికీ పోవు, నెల ఆగి నమ్మకమైన మనిషిని పక్కన పెట్టుకుని చేసుకోవచ్చు.

ఈలోపు బీరువా సర్దేటప్పుడు అది కనపడితే పెన్‌డ్రైవే కదా అని పిల్లలకు ఇచ్చేయకండి. టీవీకి పెట్టినా అందులో పాటలు రావు.